కొత్తగూడ మెకానిక్ చెప్పిన మాట

కొత్తగూడలో మా పాత కారు బాగుచేసే మెకానిక్ పోయాడని ఆయన షెడ్డు పక్కన బట్టలు కుట్టే టైలరు చెప్పాడు. జాకెట్లు తీసుకుందామని వెళ్తే, గుండీ కుడుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు. గుండెపోటట. అప్పటికే వారం దాటింది. ఆయన మీద చెడ్డమాట మొదట పుట్టించింది నేనే కనుక, ఈ నాలుగు ముక్కలూ నేనే రాయాలి.

మాది గుంటూరు నంబరు కారు. ఒకటి బిగిస్తే ఇంకొకటి ఊడేది. ఆయన మన మాట వినకముందే కారు చుట్టూ తిరిగి తలుపులు, బంపరు, అద్దాలు చేత్తో ఊపి చూసేవాడు. విప్పిన స్క్రూలన్నీ టిఫిన్ డబ్బా మూతలో వరసగా పేర్చేవాడు. పని అయ్యాక ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటినుంచి విప్పేవాడు. "ఇరిగింది కంటికి కనవడ్తదమ్మా. వదులైందే ప్రాణం మీదికి తెస్తది" అనేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. మా ఆఫీసు క్యాంటీన్‌లో అటువాళ్లు, ఇటువాళ్లు వేరువేరు బల్లల దగ్గర తినేవాళ్లం. ఆయన షెడ్డు గోడ మీద జై తెలంగాణ అని రాసి ఉండేది. ఊరేగింపు ఉందంటే చేతిలో పానాలు కింద పెట్టి వెళ్లిపోయేవాడు. అయినా మా కారు నంబరు చూసి ఎవరో వెటకారం చేస్తే ఒకటే అన్నాడు: "గుంటూరు బండి అయితేంది? బోల్టు గదే బోల్టు."

ఆ రోజుల్లోనే బానెట్ లాకు అరిగిపోయింది. బంద్ వల్ల సామాన్ల దుకాణాలు మూసి ఉన్నాయి. ఆయన తీగతో బిగించి కట్టి, "ఇది రెండు దినాల ముచ్చటే అమ్మా. మెల్లగ నడుపుండ్రి. ఔటర్ ఎక్కకుండ్రి. సార్‌కు గూడ చెప్పుండ్రి" అన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను ఫోన్‌లో ఆఫీసు మెయిల్ చూసుకుంటూ తల ఊపాను. మావారికి చెప్పడం మరిచిపోయాను.

రెండోరోజు మావారు నడుపుతుండగా, కోకాపేట దాటాక ఔటర్ రింగురోడ్డు మీద బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంది. కారు రెయిలింగును గుద్దింది. గాజు ముక్క గుచ్చుకుని మావారి ఎడమ కన్ను పోయింది.

ఆసుపత్రి వరండాలో అత్తగారు, మరిది ఎలా జరిగిందని అడిగారు. మరిచిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. మెకానిక్ అంతా బాగుందన్నాడని చెప్పాను. మన నంబరు చూసి కావాలనే చేసుంటాడని మరిది అన్నాడు. కాదని నేను అనలేదు. అదే సాయంత్రానికి ఆ మాట మా అపార్ట్‌మెంటంతా పాకింది. పోలీసులు ఆయన్ని స్టేషన్‌లో పొద్దంతా కూర్చోబెట్టారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లు కార్లు ఇవ్వడం మానేశారు.

మావారు ఇంటికొచ్చాక మెకానిక్ మా గుమ్మం దాకా వచ్చాడు. కట్టుతో సోఫాలో ఉన్న మావారిని చూసి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, నేను చెప్పిన గద. సార్‌కు జర మీరే చెప్పుండ్రి."

"మీరేం చెప్పలేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. గట్టిగా అరిచినా బాగుండేది. "సరే అమ్మా. సార్, పైలం, కన్ను జాగర్త" అని మెట్లు దిగిపోయాడు. ఈ సంగతి మావారు కూడా ఇక్కడే మొదటిసారి చదువుతారు.

ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. తరువాత ఒకసారి పుప్పాలగూడలో స్నేహితురాలి ఇంటికి వెళ్తే, ఆ టవర్ల గేటు దగ్గర సెక్యూరిటీ దుస్తుల్లో ఆయనే ఉన్నాడు. పుస్తకంలో కారు నంబరు రాసుకుని, "సార్ కన్ను ఎట్లుందమ్మా?" అని అడిగాడు. నేను అద్దం పైకెత్తేసి లోపలికి పోయాను. ఇన్నేళ్లలో ఆ ఒక్క ప్రశ్నకైనా జవాబిచ్చి ఉండవచ్చు.

టైలరు దగ్గర అడ్రసు తీసుకుని వెళ్లాను. పుప్పాలగూడలో పెద్ద భవనాల వెనక ఒకే ఒక్క గది. ఆయన భార్య నన్ను గుర్తుపట్టలేదు. షెడ్డు దగ్గరి అపార్ట్‌మెంట్‌లో ఉంటామని, మా కారు ఆయనే బాగుచేసేవారని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. అన్ని బండ్లు చేసినా ఒక్కరూ రాలేదని, నేనన్నా వచ్చానని కళ్లు తుడుచుకుంది. చాయ్ పెట్టింది. తాగుతుంటే మెల్లగా అడిగింది.

"ఆయన మీద నింద ఏసినామె గూడ గా అపార్ట్‌మెంట్లనే ఉండెనంట. మీకు ఎరికేనా అమ్మా?"

"తెలియదు" అన్నాను. చాయ్ చివరిదాకా తాగాను.

బయట సందు ఇరుకు, కారు వెనక్కి నడిపితే గాని రోడ్డెక్కదు. రోడ్డు మీద టిప్పర్లు, క్యాబులు వరసగా వస్తున్నాయి. నేను కారెక్కి రివర్స్ చేస్తుంటే, ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చింది. నడి రోడ్డులో నిలబడి ఒక చెయ్యి ఎత్తి బండ్లన్నీ ఆపింది. హారన్లు మోగుతూనే ఉన్నాయి. రెండో చేత్తో నన్ను వెనక్కి పిలుస్తోంది: రాండ్రి, రాండ్రి, ఇంక రాండ్రి.