ఎనకొచ్చేటోళ్లకు దావ

ఆదోనిలో మా పక్కింటి అన్న జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పని దిగితే చాలు, కనుబొమల మీద పత్తి నూగన్నా తుడుచుకోకుండా ఎమ్మిగనూరు రోడ్డెక్కి ఉరికేవాడు. నీళ్ల బాటిళ్లతో నేను బండి మీద వెంట పోయేవాణ్ణి. ఎంత అలిసినా, ఆగినాక రోడ్డు దిగి ఓ పక్కకు నిలబడేవాడు. ఒకసారి కర్నూలు పందెంలో గీత దాటి అక్కడే నిలబడిపోతే, వెనకొచ్చినోడు తగులుకుని పడినాడంట. అప్పటి నుంచి ఒకటే మాట: "ఎనకొచ్చేటోళ్లకు దావ ఇయ్యల్లప్పా."

బెంగళూరు మారథాన్ కోసం ఏడాదంతా తయారైనాడు. కరోనా వచ్చి దాన్ని ఆపేసినారు. మిల్లూ మూతపడింది.

"ఇంక యాడికి ఉరుకుతావన్నా?" అన్నాను.

"కాళ్లు తయారైనాయి కదప్పా, వాటికేం సెప్పల్ల?" అన్నాడు.

మారథాన్ జరగాల్సిన ఆదివారం పొద్దున్నే ఒక్కడే బయల్దేరినాడు. ఎమ్మిగనూరు దాకా పోయి, మళ్లీ ఆదోని దావ పట్టినాడు. మారథాన్ దూరం ముగిసేచోట నేను రోడ్డు మీద సుద్దముక్కతో గీసిన గీత దాటినాడు. చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే. రోడ్డంతా ఖాళీ. తూలుతాంటే పట్టుకోబోయినాను, నా చెయ్యి తోసేసినాడు. రొప్పుకుంటానే రోడ్డు దిగి, ఓ పక్కకు నిలబడి, వచ్చిన దావనే చూస్తా ఉండిపోయినాడు.