పడవ వచ్చాక ఇచ్చిన గవ్వలు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ సంగతి మీరైనా తేల్చి చెప్పండి. మా పామర్రు ఇంటి గుమ్మానికి దండ కడదామని మంగినపూడి ఒడ్డున కొంగు నిండా గవ్వలు ఏరుకున్నాను. వల బాగుచేసుకుంటున్న ఒకావిడ లేచి అడ్డం వచ్చింది.

"మా ఆయన ఇంకా నీళ్లమీదే ఉన్నాడండీ. ఒడ్డెక్కేదాకా సముద్రం సొత్తు పట్టుకెళ్లకండి."

"గవ్వలకీ మీ ఆయనకీ సంబంధం ఏంటమ్మా?"

"మీ ఆయన నీళ్లమీద ఉంటే అడగరు లెండి."

అక్కడే కొంగు దులిపేశాను. సాయంత్రం ఆటో ఎక్కుతుంటే ఆవిడ పరిగెత్తుకొచ్చి, తడి గుడ్డలో గవ్వల మూట నా చేతిలో పెట్టింది.

"వచ్చేశాడండీ. ఇక పట్టుకెళ్లండి."

దండ కట్టాను. మా ఆయన చీరల మూటతో బెజవాడ వెళ్లిన రోజు మాత్రం దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను. ఎందుకంటే చెప్పలేను. మీ గడప దాటి వెళ్లినవాళ్లంతా పొద్దుగూకేలోపు చల్లగా ఇల్లు చేరాలి.