చెలమలో సబ్బు

నీళ్ళు లేని ఏట్లో మునిగిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఎండాకాలపు పెన్నలో, చీలమండ తడిసేటన్ని నీళ్ళలో, నా పరువు మొత్తం మునిగిపోయింది.

నేను రంగూన్‌లో పుట్టి పెరిగినదాన్ని. యుద్ధమొచ్చి బాంబులు పడేసరికి నాన్న మమ్మల్ని తీసుకొచ్చి, గండికోట దగ్గర అమ్మ పుట్టిన పల్లెలో కాపురం పెట్టాడు. సొంత దేశం వచ్చారన్నారు అందరూ. నాకైతే అది పరాయి దేశమే. రాళ్ళ మీద కోపం, ఎండ మీద కోపం, సంగటి మీద కోపం. అన్నిటికన్నా పెన్న మీద. బర్మాలో ఐరావతిని చూస్తూ పెరిగిన పిల్లకు ఇసుక చూపించి ఇదే నది అంటే ఎవరికి మండదు చెప్పండి?

ఆ ఊళ్ళో నాతో మాట కలిపింది పక్కింటి ఓబులమ్మక్క ఒక్కతే. నాకన్నా కొంచెం పెద్దది, నాకన్నా చాలా కోపిష్టి. అందుకే పొత్తు కుదిరింది. కొండ మీద సీతాఫలం చెట్లు చూపించింది, కంపల్లో కౌజుపిట్టలు గుడ్లు పెట్టే చోటు చూపించింది, కాల్లో విరిగిన ముల్లు తీయడం నేర్పింది. గండికోట లోయలో పెన్న ఎండాకాలంలోనూ మడుగు కట్టి ఉంటుందని, తీసుకుపోతానని మాటిచ్చింది. పోవాల్సిన రోజు ఆమె కోసం ఏట్లో నిలబడ్డాను.

ఇసుక కాలిపోతోంది. నాలుగడుగుల అవతల గుండ్రటి గుంట, అందులో తేటగా నీళ్ళు. పెన్నకు నా మీద జాలి కలిగిందనుకుని రెండు కాళ్ళూ పెట్టేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మడుగులో స్నానానికని తెచ్చుకున్న సబ్బుతో ముఖం కూడా కడిగాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా ఓబులమ్మక్క, చంకలో ఖాళీ కడవ, చేతిలో టెంకాయ చిప్ప. ఆ గుంటను చెలమ అంటారని, ఆమె పొద్దున్నే ఇసుక తవ్వి నీళ్ళు ఊరడానికి వదిలి వెళ్ళిందని, ఆ పూట వాళ్ళింట్లో అందరూ తాగాల్సినవి అవేనని నాకెవరు చెప్పారు?

"ఏం పాపా, మీ రంగూన్లో తాగే నీళ్ళలో కాళ్ళు పెడ్తారా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తెలియదన్నాను. ఊరుకోక, ఐరావతిలో ఏనుగులు దిగినా ఎవరూ ఏమీ అనరని కూడా అన్నాను.

"అయితే ఆడికే పో. నాతో యాడికీ రావొద్దు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఉన్న ఒక్క స్నేహమూ సబ్బు నురగలో పోతోంది. ఆమె చేతిలోని టెంకాయ చిప్ప లాక్కుని చెలమ పక్కన చతికిలబడ్డాను. సబ్బునీళ్ళన్నీ తోడి పారబోసి, ఇసుక ఇంకా లోతుకు తీసి, ఊట తేటపడేదాకా కాచుకుని, చిప్పతో తోడి కడవలో పోస్తూ కూర్చున్నాను. వీపు మాడింది, నడుం పట్టేసింది. ఆమె తుమ్మచెట్టు నీడన కూర్చుని కొండల వైపు చూస్తోంది. కడవ నిండేసరికి ఆ చెలమ నాకు కన్నబిడ్డయిపోయింది.

సరిగ్గా అప్పుడు, తల వంచుకున్న నా కళ్ళ ముందే, ఎవరివో మగ పాదాలు చెలమలోకి దిగాయి.

ఆ ఊరి మాట నా నోటికెప్పుడు పట్టుబడిందో నాకే తెలియదు. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోనొచ్చినావు? తాగే నీళ్ళని తెలీదా? బుద్ధి ఉండాదా లేదా?"

తలెత్తితే నాన్న. నన్ను వెతుక్కుంటూ వచ్చి, పంచె పైకి పట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డాడు. అంతకు ముందెన్నడూ నేనాయన ఎదుట గొంతు పెంచలేదు.

ఓబులమ్మక్క నా పక్షాన కలబడుతుందనుకున్నాను. ఆమె లేచి వచ్చి, నేను నింపిన కడవలోంచి, నేను తోడిన నీళ్ళు, చిప్పెడు ముంచి నాన్నకిచ్చింది.

"కొత్తోళ్ళు గదా, పాపం తెలీక పెట్టినాడు పెద్దాయన. దానికి కన్న నాయన్ను అట్ల తిడ్తారా మే?"

తెలియదని నేను చెప్పినప్పుడు ఈ పాపం ఎక్కడికి పోయింది? నాకు ఒళ్ళు మండింది. నాన్న ఆ నీళ్ళు తాగి, చల్లగా ఉన్నాయని, కొంచెం సబ్బు వాసన వస్తోందని అన్నాడు. అప్పుడు నవ్వింది మహాతల్లి, పొట్ట పట్టుకుని. కడవ నా నెత్తికెత్తి, ఇంట్లో దించి రా, గండికోటకు పోదామంది.

ఇంటి దారంతా మనసులో ఒట్టు పెట్టుకుంటూ నడిచాను. ఇసుకలో నీళ్ళు కనబడితే ముందు దణ్ణం పెట్టి, ఎవరివో అడుగుతాను. ఎవరినైనా తిట్టవలసి వస్తే పాదాలు చూసి మొదలుపెట్టను. ముఖం దాకా చూసి, నాన్న కాదని తేల్చుకుని, అప్పుడు తిడతాను.