నా కూతురి నోట ఎవరిదో గొంతు

బ్రిటన్ సీరియళ్ళు కొన్నాళ్ళు చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. వాళ్ళకున్న నటులు కొద్దిమందే, వాళ్ళే అన్నిట్లోనూ తిరుగుతుంటారు. పల్లెటూరి హత్యల సీరియల్లో పోస్టాఫీసు నడిపే ముసలావిడ, అంతరిక్షం సీరియల్లో ఏదో గ్రహానికి రాణి. కోర్టు సీరియల్లో తెల్ల విగ్గు పెట్టుకున్న జడ్జి, రెండు నెలలు పోయాక రబ్బరు చెవులు తగిలించుకుని అంతరిక్ష నౌక నడుపుతుంటాడు. దర్శకులూ అంతే, కెమెరా వాళ్ళూ అంతే. సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ పదేళ్ళకు పైగా ఆడిన ఆట ఇదే. ఎవరు ఎవరో కనిపెట్టాలి. మా ఆయన ఫోన్లో వెతికి చెప్పేవారు. నాకు ఫోను అక్కర్లేదు, కళ్ళు మూసుకుని విని చెప్పేదాన్ని. మొహానికి అంగుళం మందాన రబ్బరు అతికించినా గొంతు దాగదు. "ఈ రాక్షసుడు మొన్నటి హాస్పిటల్ సీరియల్లో వార్డుబాయ్" అనేదాన్ని. చివర్లో పేర్లు పడేటప్పుడు అమ్మాయి టీవీ ఆపి చదివి, "అమ్మా, హౌ?" అని నోరు తెరిచేది.

అందులో మాయేమీ లేదు. పెళ్ళయి ఇక్కడికి రాకముందు హైదరాబాదులో తొమ్మిదేళ్ళు డబ్బింగ్ చెప్పాను. ఉత్తరాది నుంచి వచ్చిన హీరోయిన్లకు తెలుగు రాదు. వాళ్ళు పెదాలు కదిపితే మాట నేను మాట్లాడేదాన్ని. వాళ్ళు ఏడిస్తే ఏడుపు నాది, పకపకా నవ్వితే ఆ నవ్వూ నాదే. జనం ఆ పిల్లల ఫొటోలు గోడలకు అంటించుకునేవాళ్ళు. నేను సిటీ బస్సెక్కి ఇంటికి వెళ్ళేదాన్ని. ఇక్కడికొచ్చాక చైల్డ్‌కేర్‌లో చేరాను. పిల్లలకు కథలు చదివేటప్పుడు తప్ప ఆ గొంతుతో పని పడలేదు.

అమ్మాయి యూనివర్సిటీలో కామర్స్ రెండో ఏడాది మానేసి నటన నేర్చుకుంటానన్నప్పుడు వాళ్ళ నాన్న వారం రోజులు దాంతో మాట్లాడలేదు. నేను మాట్లాడాను గానీ, మాట్లాడిందంతా తిట్లే. తర్వాత ఆలోచిస్తే ఎవర్ని తిట్టాలో అర్థం కాలేదు. టీవీ ముందు కూర్చోబెట్టి గొంతులు వినడం నేర్పింది నేనే కదా.

అది నటన నేర్చుకున్నాక మొదట దొరికింది అంతరిక్షం సీరియల్. బ్రిటన్ కంపెనీ వాళ్ళు వేరే గ్రహం కావాలని సౌత్ ఆస్ట్రేలియా ఎర్రమట్టి ఎడారికి వచ్చి తీశారు. మా పిల్ల ఆ గ్రహం మీద మిగిలిపోయిన ఆఖరి జీవి. రోజూ నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే మొహానికీ మెడకీ ఆకుపచ్చ రబ్బరు అతికించేవాళ్ళట. కళ్ళు కూడా దానివి కావు, లెన్సులు. కానీ మాట దానిదే. తన వాళ్ళంతా ఎలా పోయారో చెప్పే సీను ఒకటి ఉంది. అది టీవీలో విన్నప్పుడు నేను చేతిలో ఉన్న కాఫీ తాగడం మర్చిపోయాను. తొమ్మిదేళ్ళు మైకు ముందు నిలబడినా ఊపిరిని అలా ఆపి వదలడం నాకు రాలేదు.

మర్నాడు మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్‌లో స్వీట్ల కొట్టు దగ్గర తెలిసినావిడ కలిసింది. "నిన్న చూశాం వదినా. మీ అమ్మాయి ఎక్కడా కనపడలేదే? ఆ పచ్చ బొమ్మేనా? అయ్యో, మొహం కనపడందే యాక్టింగేంటి!" అంది, చేతిలో కాజా పట్టుకుని. అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు చూశారు గానీ వినలేదు వదినా" అన్నాను. ఆవిడకేం అర్థమైందో, ఆ కాజా సగం నా చేతిలో పెట్టింది.

మరుసటి ఏడు అదే దర్శకుడు, అదే కెమెరామన్, అదే సౌండు అతను కలిసి హాస్పిటల్ సీరియల్ మొదలుపెట్టారు. కథ జరిగేది ఇంగ్లండ్‌లో, ఆసుపత్రి లోపలి సీన్లు మాత్రం సిడ్నీలో తీస్తారట. దర్శకుడికి మా పిల్ల గొంతు గుర్తుండి పిలిచాడు. ఈసారి రబ్బరు లేదు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు వేషం. ఒక్కటే సీను, ఒక ముసలాయనకు ఆయన భార్య చనిపోయిందని చెప్పాలి. మొత్తం ఆరు మాటలో ఏడో.

అది ఇక్కడ పుట్టిన పిల్ల. ఇంగ్లీషు మాట్లాడితే పక్కింటి తెల్లపిల్లకీ దీనికీ తేడా తెలియదు. ఇండియా డాక్టరు అనగానే వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. "అమ్మా, నువ్వైతే ఎలా చెప్తావ్? నీ ఇంగ్లీష్‌లో చెప్పు. ఐ డోంట్ వాంట్ ది కామెడీ వన్" అంది. నేను దోసెల పెనం దించి, చేతులు తుడుచుకుని చెప్పాను. ఫోన్లో రికార్డు చేసుకుంది. పది రోజులు మా దగ్గరే ఉంది, ఇంట్లో నా గొంతు రెండు గదుల్లోంచి వినపడింది. మాట చివర నేను ఎక్కడ తగ్గుతానో, కష్టమైన మాట ముందు ఎక్కడ ఆగుతానో, నాకే తెలియనివి అది పట్టేసుకుంది. సీను తీసిన రోజు సౌండు అతను హెడ్‌ఫోన్లు తీసి దాని భుజం తట్టాడట. ఆ సంగతి ఫోన్లో చెబుతూ ఏడ్చేసింది.

ఆ సీను టీవీలో వచ్చిన ఆదివారం సాయంత్రం ఏడున్నరకు మా హాల్లో ఇరవై మంది ఉన్నారు. కాజా వదినని ప్రత్యేకంగా పిలిచాను, ఆవిడని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాను. పులిహోర, మిర్చి బజ్జీలు, ఇక్కడి పిల్లల కోసం పిజ్జా. అమ్మాయి సోఫా చేతి మీద కూర్చుంది. తెర మీద దాని మొహం రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను. "సర్" అన్న మొదటి మాట దాటగానే నా చేతులు ఆగిపోయాయి.

అది మా పిల్ల గొంతు కాదు.

పెదాలు దానివి. కళ్ళలో నీళ్ళు దానివి. మాట మాత్రం ఎవరిదో. లండన్‌లో ఎవర్నో కూర్చోబెట్టి చెప్పించారు. మాటకు మాట, పెదవికి పెదవి అతికినట్టు సరిపోయింది, పని తెలిసినవాళ్ళే చేశారు. కాకపోతే ఆ యాస ఏ ఊళ్ళోనూ ఎవరూ మాట్లాడనిది. తెల్లవాళ్ళు మనల్ని వెక్కిరించేటప్పుడు పెట్టే యాస ఉంటుందే, ఆ ఎగుడుదిగుడు. భార్య పోయిందని చెప్పే మాట ఆ యాసలో వింటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అమ్మాయి వైపు చూశాను. దానికి ముందు తెలియదు, ఎవరూ చెప్పలేదు. నోట్లో పెట్టుకున్న బజ్జీ నమలడం మానేసి అలాగే చూస్తోంది.

"ఎంత క్లియర్‌గా చెప్పింది వదినా!" అంది కాజా వదిన. "అచ్చం మన డాక్టర్లలాగే. ఈసారి మొహం కూడా కనపడింది, అబ్బ, ఎంత బావుందో!" అందరూ అవునవునన్నారు. ఎవరో మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆవిడ నెత్తిన పులిహోర గిన్నె బోర్లించాలనిపించింది. కానీ ఆవిడ తప్పేముంది? ఆవిడకు నా చెవులు లేవు.

అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. సింకు పట్టుకుని నిలబడింది. దాని భుజాలు కదులుతున్నాయి. పిల్ల ఏడుస్తుంటే ఓదార్చాలి కదా, ఓదార్చడానికి నా దగ్గరున్నదే తీశాను.

"ఏడవకు కన్నా. దానికేముందిప్పుడు? మన దగ్గర ఎంత పెద్ద హీరోయిన్‌కైనా వేరేవాళ్ళే చెప్తారు. వాళ్ళు ఫీలయ్యారా? మొహం నీదే కదా, అందరూ చూశారు కదా" అన్నాను.

అది తిరిగింది. అంత కోపం దాని మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఫీలయ్యారో లేదో నువ్వు అడిగావా, అమ్మా?" అంది. "స్పేస్ షోలో నా ఫేస్ తీసేశారు, ఫైన్, అది జాబ్. కానీ ఇది... దిస్ వాజ్ యువర్ వాయిస్, అమ్మా. నీ వాయిస్ నాలో ఉంది. దే త్రూ ఇట్ అవుట్. నువ్వేమో దానికేముంది అంటున్నావ్."

"అది కాదే, నేననేది..."

"ఆ హీరోయిన్ స్టోరీ చెప్తావ్ కదా ప్రతి డిన్నర్‌లో? అందరూ నవ్వుతారు కదా? నేను ఎప్పుడైనా నవ్వానా?"

కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. పారమాటాలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఉంటుంది. హాల్లో వాళ్ళకు తలనొప్పి అని చెప్పాను.

అది అన్న కథ ఇది. ఒక హీరోయిన్ మూడు నెలలు టీచర్ని పెట్టుకుని తెలుగు నేర్చుకుంది. ఒకరోజు చెప్పకుండా డబ్బింగ్ థియేటర్‌కి వచ్చి, ఒక్క సీను నన్ను చెప్పనివ్వండి అని దర్శకుణ్ణి అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను మైకు దగ్గర్నుంచి కదలకుండా, "మేడమ్, మీరు అందంగా నిలబడండి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. వెళ్ళిపోకుండా కూర్చుని, ఆ సీను నేను చెప్పిందంతా విని, "చాలా బాగుంది" అని తెలుగులోనే అని వెళ్ళింది. ఆ తెలుగులో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ కథ నా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.

మర్నాటి నుంచి నాకు ఒకటే పని అయింది. ఆ కంపెనీకి ఉత్తరాలు రాశాను. చైల్డ్‌కేర్‌లో పిల్లలు పడుకున్న గంటలో కూర్చుని ఒకటి కాదు, ఐదు రాశాను. స్పష్టత కోసం అలా చేశామని, అగ్రిమెంటులో దానికి వీలుందని, మీ అమ్మాయి నటన మాకెంతో నచ్చిందని జవాబిచ్చారు. స్పష్టతట! ఇక్కడ ముప్పై ఏళ్ళ నుంచి నా ఇంగ్లీషు అర్థం కాని బ్యాంకువాడు లేడు, డాక్టరు లేడు, మూడేళ్ళ పిల్ల లేదు. లండన్‌లో కుర్చీలో కూర్చున్న మనిషికి అర్థం కాలేదా? సౌండు అతను మాత్రం అమ్మాయికి ఫోన్ చేసి, తనకూ తెలియదని, టీవీలోనే విన్నానని చెప్పాడట. ఈ సంగతి వాళ్ళ నాన్న ద్వారా తెలిసింది. నాతో అది మూడు వారాలు మాట్లాడలేదు.

మాట్లాడినప్పుడు ఉపోద్ఘాతం లేదు. "అమ్మా, స్పేస్ షో మళ్ళీ స్టార్ట్ చేశారు. సేమ్ టీమ్. నన్ను పిలిచారు" అంది.

"మళ్ళీ రబ్బరా?"

"నో. నేను కనపడను. వేరే అమ్మాయికి వాయిస్ చెప్పాలి. శ్రీలంక తమిళ్ గర్ల్, ఇక్కడే పెరిగింది. తన ఫేస్ కావాలంట, వాయిస్ నాది కావాలంట."

"వద్దను" అన్నాను. "సిగ్గు లేదా వాళ్ళకి? నీకు చేసింది చాలక నీ చేత ఇంకో పిల్లకి చేయిస్తారా? మొహం మీదే వద్దని చెప్పు."

"ఓకే అన్నాను. నేను కాదంటే ఇంకెవరో చెప్తారు. ఈ టీమే అన్నీ చేస్తుంది, అమ్మా. డ్రామా వీళ్ళే, స్పేస్ వీళ్ళే. ఒక్కసారి నో అంటే ఎక్కడా ఉండను." మళ్ళీ తనే అడిగింది. "నువ్వు ఎప్పుడైనా వద్దన్నావా?"

"లేదు" అన్నాను.

"సో, నాతో రా. లిప్ సింక్ నాకు కొత్త. నీకు తెలుసు."

వెళ్ళాను. దగ్గరుండి ఎలాగైనా ఆపుదామనుకున్నాను, కనీసం దాని మనసు విరిచేద్దామనుకున్నాను. పొద్దున పదింటికి స్టూడియోలో ఎవరో నాకు కుర్చీ వేసి, టీ ఇచ్చారు. లండన్ నుంచి ఒకావిడ వీడియో కాల్లో తెర మీద కనపడి అందర్నీ పలకరించింది. మా పిల్ల గొంతు మార్పించింది ఈవిడేనని అమ్మాయి నా చెవిలో చెప్పింది. లోపల సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఇంతలో ముందుగా ఆ తమిళ పిల్ల అసలు గొంతు వినిపించారు. సన్నటి గొంతు, చివర కొంచెం వణుకుతుంది. ఆ వణుకే ఆ సీనుకు ప్రాణం. దాన్ని తీసేయాల్సిన అవసరం ఒక్క పిసరు కూడా లేదు.

తర్వాత మా పిల్ల చెప్పింది. మొదటిసారి మాట కాస్త ముందు పడింది. రెండోసారి పెదాలకు అందింది గానీ బరువు చాలలేదు. మూడోసారి చెప్పబోతుంటే నేను లేచి నిలబడ్డాను.

"'ప్లీజ్' దగ్గర ఊపిరి తీసుకో కన్నా" అన్నాను. "ఆ పిల్ల భుజం చూడు, అక్కడ లేస్తోంది. దాంతో పాటు తీసుకుని, అప్పుడు వదులు."

అది తల ఊపి, తీసుకుని, వదిలింది. ఆ తమిళ పిల్ల గొంతు ఇక ఎక్కడా లేదు. లండన్ ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ ఉత్తరాలు రాసిన మనిషిని, ఇదంతా ఆపడానికి వచ్చిన మనిషిని నేను. అయినా నాకు ముందు కలిగింది గర్వం. ఇంటికొచ్చే దారంతా స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లండన్ ఆవిడ మీద కోపం ఎటుపోయిందో తెలియదు. మండిపోతున్నదంతా నా మీదే, ఎందుకంటే ఆ టేక్ చాలా బాగుంది.