ఓనరమ్మ

సిద్దిక పదిహేనేళ్లు మిరపకాయల తొడిమలు తీసింది. గుంటూరు పక్కనున్న వాళ్ల ఊరి నుంచి ఆడవాళ్లు పొద్దున్నే ఆటోలో వెళ్లేవారు. కోల్డ్ స్టోరేజీల ముందు రేకుల కింద గుండ్రంగా కూర్చునేవారు. చేతులు కాయల మీద, నోళ్లు ఊరి మీద. భర్త షబ్బీర్ చనిపోయిన ఏడాది ఆమె ఏడ్చింది ఆ గుంపులోనే. ఘాటుకి అందరి కళ్లూ కారుతుంటే ఎవరి ఏడుపు ఏదో తెలిసేది కాదు.

నిరుడు ఊళ్లోనే కారం మిల్లు పెట్టింది. హనుమాయమ్మ, నస్రత్, ఇంకో ఇద్దరు, ఆ గుంపులోని ఈ నలుగురికే పని ఇచ్చింది. మొదటి రోజు పెద్దామె హనుమాయమ్మ, "ఓనరమ్మ వచ్చింది, లేవండే" అంది. అందరూ నవ్వారు, సిద్దిక కూడా. ఆ పేరు ఉండిపోయింది. ఆమె లోపల మర దగ్గర, వాళ్లు వసారాలో. ఆమె బయటికి వస్తే మాట ఆగేది.

ఆగస్టులో పొన్నూరు కొట్టు ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. అది నిలిస్తే ఐదుగురికీ ఏడాదంతా పని. లేకపోతే మళ్లీ ఆటో. కొత్త పంట రాలేదు కనక కోల్డ్ స్టోరేజీ కాయలు తెప్పించింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. తొడిమలు తీయగానే మరలో పోసింది.

ఆ కాయలు బయటికొచ్చాక చెమ్మ పడతాయి. రెండు రోజులు ఎండబెట్టాకే ఆడించాలి. చెమ్మ కంటికి కనపడదు, వేళ్లకి తెలుస్తుంది. మిల్లు పెట్టాక సిద్దిక కాయని వేళ్లతో పట్టి చూడలేదు.

పది రోజులకి కారం గడ్డలు కట్టి తిరిగొచ్చింది. ఇంకొక్కసారి చూస్తానన్నాడు కొట్టాయన.

సిద్దిక ఒక గడ్డ తెచ్చి హనుమాయమ్మ ముందు పెట్టింది.

"నీ చేతికి తెలీలేదా అత్తా?"

"తెలిసింది. నస్రత్ చెబుదామంది కూడా. నేనే ఊరుకోమన్నా. ఓనరుకి మనం చెప్పేదేంటి?"

"ఒకప్పుడు జడ పట్టుకు లాగి చెప్పేదానివి."

"అప్పుడు నీ జడ అందేది."

మర్నాడు మళ్లీ కోల్డ్ స్టోరేజీ కాయలు వచ్చాయి. పట్టాల మీద ఎండబోశారు. కొన్నింటిని ముందేసుకుని నలుగురూ కూర్చుంటే, సిద్దిక కూడా గోనెసంచి పరుచుకుని కూర్చుంది. జరిగి చోటిచ్చారు. వేళ్లు పని మర్చిపోలేదు. తొడిమలు తెగే చప్పుడొక్కటే.

చాలాసేపటికి హనుమాయమ్మ అంది: "లేవే తల్లీ. నువ్విక్కడుంటే నీ గురించి మాట్లాడుకోడం కుదరట్లా."

నస్రత్ చున్నీ నోట్లో కుక్కుకుంది.

"ఏం మాట్లాడుకుంటారు?"

"చెబితే ఇంకేముంది! ఇదిగో, ఇవాళ మర ఆడించబాక. కాయ విరగట్లా, ఇంకా వంగుతోంది. రేపు సాయంత్రం నేను చెప్తా, అప్పుడు మరలో పోద్దువు."

"అలాగే అత్తా."

సిద్దిక లోపలికి వెళ్లింది. వెనక మాటలు మొదలయ్యాయి. తర్వాత నవ్వు.

ఆమె మర తుడిచింది. జల్లెడ దులిపింది. మళ్లీ మర తుడిచింది. ఆ రోజు ఆమెకి వేరే పని లేదు.