ట్యాంకు చాటున గాలిబాణం

ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, భవన సంఘంవారు డాబా మీది గాలిబాణాన్ని ఊడబెరికి మెట్లకింది కొట్లో చీపుళ్ల సరసన పడేశారు. చూపిన కారణం, అది కీచుమంటోందని. ఇది అన్యాయం.

బాణం యజమాని ఆ భవనంలోనే కాపురముంటున్న విశ్రాంత వాతావరణ పరిశీలకులు. గాలి ఎటునుంచి వస్తోందో చూడడమే ఉద్యోగంగా బతికిన మనిషి. తాను విరమించినా గాలి విరమించలేదు గదా అని, రేకు కత్తిరించి బాణం చేసి, డాబా మీద నీళ్లట్యాంకు పక్కనున్న గొట్టానికి బిగించుకున్నారు. గాలి ఎటునుంచి వస్తే మొన అటు తిరుగుతుంది. పొద్దున్నే దాన్ని దర్శించుకుని, అడిగినవారికీ అడగనివారికీ ఆనాటి గాలి సంగతి విన్నవించేవారు. ఇరుగుపొరుగు ఆయనను "బాణం మాస్టారు" అనేవారు. అది గౌరవమేనని ఆయన నమ్మకం.

బాణాన్ని నమ్మనిది ఇల్లాలొక్కరే.

"మీ బాణం తూర్పుగాలి అంటోంది. తూర్పు నుంచొచ్చే గాలి నా దుప్పట్లని మళ్లీ తూర్పుకే ఎలా తోస్తుందండీ?"

"దుప్పటి పరికరం కాదే. దానికో ప్రమాణమంటూ లేదు."

"పోనీలెండి, ఆరుతోంది. నాకదే చాలు."

ఇలా ఏళ్లతరబడి వాదించి ఆయన గెలుస్తూనే వచ్చారు.

బాణం పోయిన మర్నాడు, సంఘానికి మహజరు రాసేముందు సాక్ష్యం సమకూర్చుకుందామని పైకెక్కి, ఉత్త గొట్టానికి దారం కట్టారు. అది పడమటికి ఎగిరింది.

"చూశావా! తూర్పుగాలే!"

బట్టలారేస్తున్న ఇల్లాలు నోట్లో క్లిప్పు తీయకుండానే దుప్పట్లకేసి వేలు చూపించారు. అవి తూర్పుకు రెపరెపలాడుతున్నాయి.

వాటి నోరు మూయించాలని, మాస్టారు దారం విప్పి చేతబట్టుకుని పక్కకు నడిచారు. నీళ్లట్యాంకు చాటున ఉన్నంతసేపూ దారం పడమటికే. చాటు తప్పేచోట జావగారి వేలాడింది. ఇంకో అడుగు వేయగానే గిర్రున తిరిగి తూర్పుకు సాగింది.

ఆయన వెనుదిరిగి ట్యాంకుకేసి చూశారు. అడ్డు తగిలిన గాలి దాని వెనుక సుడి తిరిగి ఎదురు వీస్తుందనీ, పరికరాన్ని గోడ చాటున పెట్టేవాడు ఈ కొలువుకు పనికిరాడనీ, శిక్షణకొచ్చిన ప్రతివారికీ బల్లగుద్ది చెప్పింది తానే. ఆ పాఠం ప్రతి ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నీ దుప్పట్లకి నా ఉద్యోగం ఇచ్చుండాల్సింది."

"పాపం, అవేం తప్పు చేశాయని?"

సాయంత్రం సంఘం కార్యదర్శి వచ్చారు. "మళ్లీ పెట్టే ప్రసక్తే లేదు మాస్టారూ. పై అంతస్తువాళ్లకి ఆ కీచుతో నిద్ర పట్టడంలేదు."

"కీచుకి తీశారు, సరే. అబద్ధానికి తీయలేదేం బాబూ? పడమటిగాలి వీచినప్పుడల్లా తూర్పని చెప్పింది. మీరెవరూ పట్టుకోలేదా?"

కార్యదర్శి ఇబ్బందిగా నవ్వారు. "నిజం చెప్పాలంటే, మేమెవరమూ వినేవాళ్లం కాదండీ."

మెట్లకింది కొట్టుకన్నా ఆ మాటే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

కనుక కార్యవర్గంవారూ, బాణాన్ని చీపుళ్ల చెరనుంచి విడిపించండి. ట్యాంకుకు ఎడంగా, దుప్పట్ల తాడు పక్కన నాటుకోనివ్వండి. నూనె ఆయనే వేసుకుంటారు. ఇకమీదట పొద్దున్నే ఆయన గాలి సంగతి చెబితే, మీలో ఒక్కరైనా చెవిన వేసుకుని, తప్పయితే తప్పని మొహంమీదే చెప్పండి.