చారాణా వెలుగు

మహబూబాబాద్ కాలేజీలో ఫిజిక్స్ ప్రయోగాలకు ఒక చీకటి గది ఉంది. కిటికీలకు నల్లగుడ్డ, లోపల ఒక బల్బు, స్కేలు, వెలుగును కొలిచే మీటరు. అటెండరు జహీరా బేగం పన్నెండేళ్లుగా అందులోనే ఉడికిపోతోంది. భర్త పోయాక వచ్చిన నౌకరీ. వదిలితే గతి లేదు, ఉంటే ఊపిరాడదు.

లెక్చరర్లు పాఠం చెప్పి వెళ్లిపోతారు, ప్రయోగం చేయించేది మాత్రం ఆమే. బల్బుకు ఇరవై సెంటీమీటర్ల దూరంలో మీటరు ముల్లు ఎనభై చూపితే, నలభైకి జరిపాక ఇరవై చూపుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ల్యాబ్ అసిస్టెంట్ పరీక్ష గట్టెక్కితే పై అంతస్తులో, కిటికీలు తెరిచి ఉండే గదిలో పోస్టు. వయసు మీరుతోంది కనుక 2011లో రాసిందే ఆఖరుసారి. రాత పరీక్ష పాసైంది. మౌఖిక పరీక్షకు కోస్తా నుంచి ఒక పెద్దసారు వచ్చి, ఆ చీకటి గదిలోనే కూర్చున్నాడు.

"దూరం రెట్టింపైతే కాంతి ఎంతవుతుంది?"

"చారాణా అయితది సార్," ఠక్కున అంది జహీరా.

ఆయన పకపకా నవ్వాడు. "బల్బు ఖరీదు అడగలేదమ్మా!"

జహీరాకు ఒళ్లు మండింది. రూపాయిలో పావలా చారాణా అయినప్పుడు, వెలుగులో పావు వంతు చారాణా ఎందుకు కాకూడదు? పుట్టిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లో పావుకు అదే మాట. మీటరును ఇరవై నుంచి నలభైకి జరిపి చూపింది.

"ముల్లు చూడున్రి సార్. ఎనభై ఉండె, ఇరవైకొచ్చె. చారాణానే కద!"

ముల్లు ఆమె పక్షమే. పెన్ను మాత్రం ఆయన చేతిలో ఉంది.

"సరైన తెలుగులో చెప్పండి, మార్కులేస్తాను."

గేటు దగ్గర తెలంగాణ దీక్షా శిబిరం నుంచి మైకు మోగుతోంది. మన మాటను నవ్వేటోళ్లకు తలవంచొద్దని నిన్న అక్కడ అందరికంటే గట్టిగా అరిచింది జహీరాయే. ఇప్పుడు చుట్టూ నల్లగుడ్డలు చూసింది. పరీక్ష తప్పితే ఇంకో పదేళ్లు ఇక్కడే.

"నాలుగో వంతు సార్."

"చూశారా, వచ్చు కదా!" అంటూ ఆయన సంతకం పెట్టాడు.

బయటికి రాగానే వాచ్‌మన్ హీర్యా శిబిరంలోంచి లేచి ఎదురొచ్చాడు. "ఏమైందక్కా?"

"పాసైన."

"అబ్బ, శానా మంచిగైంది! నిన్నటి లెక్కనే జర గట్టిగ మాట్లాడక్కా," అని మైకు చేతికిచ్చాడు.

అందరూ ఆమెవైపే చూస్తున్నారు. జహీరా సిగ్గుతో తల వంచుకుని మైకును తిరిగి హీర్యా చేతిలో పెట్టింది.